మూడు గ్రాముల ఇత్తడి మూత

మా అత్తగారింట్లో ముందర గది గోడకు ఒక ఫొటో ఉంది. అందులో నా భార్య స్వరూప కొత్త చీర కట్టుకుని, ఒడి నిండా బియ్యంతో పీట మీద కూర్చుని ఉంటుంది. పక్కన ఇంకో పీట. ఆ పీట మీద కూర్చోవలసినవాణ్ణి నేను. కూర్చున్నది మాత్రం నేను కాదు. ఎవరు కూర్చున్నారో చివర్లో చెబుతాను. ముందే చెబితే మీరు నవ్వేసి లేచిపోతారు, నా తరఫు వాదన వినరు. నా తరఫున పెద్దగా వాదన లేదు గానీ, ఉన్నదేదో వినండి. ఇది నా పరువు ఊరి పొలిమేరలో గంగపాలైన రోజు కథ. కారణం, మూడు గ్రాముల ఇత్తడి.

తెలంగాణ వచ్చిన కొత్తలో నేను చౌటుప్పల్ దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో, ల్యాబులో పనిచేసేవాణ్ణి. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా తెల్లటి పొడులు తూచడమే ఉద్యోగం. మిల్లీగ్రాము తేడా వచ్చినా మళ్ళీ మొదటికి రావాలి. ఆ జబ్బు మెల్లగా ఇంటిదాకా పాకింది. స్వరూప కూరలో ఉప్పు వేస్తుంటే "ఎంత వేశావు?" అని అడిగేవాణ్ణి. "చేతికొచ్చినంత" అనేది. పెళ్ళై ఇంకా ఏడాది కాలేదు కాబట్టి అంత మర్యాదగా చెప్పింది.

మా పక్క గదిలో కిరాయికి ఉండే ఇంజినీరు ఒకాయన బదిలీ మీద పోతూ తన మడత సైకిలు నాకు అమ్మాడు. ఇరవై అంగుళాల చిన్న చక్రాలు, పొడవాటి సీటు రాడ్డు. నేను ఎక్కితే ఎలుగుబంటి ఎక్కినట్టు ఉంటుందని ఫ్యాక్టరీ గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన అన్నాడు. అది పట్టించుకోలేదు. పట్టించుకున్నది ఇంకొకటి. ఒకరోజు సర్వీసు రోడ్డు మీద ఆయాసపడుతూ తొక్కుతుంటే, రెండు పక్కలా పాల క్యాన్లు వేలాడేసిన నల్లటి పాత సైకిలు మీద ఒక ముసలాయన వెనక నుంచి వచ్చి, "జర పక్కకు బిడ్డా" అని నన్ను దాటి వెళ్ళిపోయాడు. దాటడమే కాదు, దాటాక ఒకసారి వెనక్కి తిరిగి జాలిగా చూశాడు. ఆ చూపు నన్ను నాలుగు రోజులు నిద్రపోనివ్వలేదు.

అయిదో రోజు నుంచి మధ్యాహ్నం టిఫిను డబ్బా ముందు పెట్టుకుని ఫోనులో టైర్ల గురించి చదవడం మొదలుపెట్టాను. చక్రం చిన్నదైతే ఎక్కువసార్లు తిరగాలి. ఎక్కువసార్లు తిరిగేది తేలికగా ఉండాలి. అంటే తప్పంతా నాది కాదు, టైరుది. ఈ సంగతి తెలిశాక నా మనసుకు ఎంత హాయి కలిగిందో చెప్పలేను. ఆ రాత్రి అన్నం తింటూ స్వరూపకు పాఠం చెప్పాను. లావుపాటి బొడిపెల టైరు రోడ్డును పట్టుకుని వేలాడుతుందనీ, నున్నగా సన్నగా ఉండి గాలి గట్టిగా ఎక్కించే టైరైతే బాణంలా పోతుందనీ చెప్పాను.

"గంత జల్ది ఎక్కడికి పోవాలె?" అంది స్వరూప.

"ఫ్యాక్టరీకి."

"ఫ్యాక్టరీ మూడు కిలోమీటర్లే గదా."

ఆడవాళ్ళకు విజ్ఞానం మీద ఆసక్తి తక్కువ అని అప్పట్లో నా గట్టి నమ్మకం. ఇప్పుడు లేదు. వెనక్కి తీసుకున్నాను.

మొదటి జత తెప్పించి చౌటుప్పల్ బస్టాండు వెనక జహంగీర్ భాయ్ దుకాణానికి తీసుకెళ్ళాను. ఆయన నలభై ఏళ్ళుగా సైకిళ్ళు బాగుచేస్తున్న మనిషి. కొత్త టైరును రిమ్ము మీద పెట్టి చూశాడు. అది నడుముకు ఆగని లాగులా కిందికి వేలాడింది.

"సార్, గిది దీనికి రాదు."

"ఎందుకు రాదు భాయ్? ఇరవై అంగుళాల చక్రం, ఇరవై అంగుళాల టైరు."

"ఇరవైల రెండు తీర్లుంటయి సార్. టైరు పక్కన చిన్నగ ఇంకో లెక్క రాసుంటది, నాలుగు వందల ఆరు అనో, నాలుగు వందల యాభై ఒకటి అనో. గది సూడాలె. పైన పెద్దగున్నది సూసి కొంటె గిట్లనే అయితది."

చదువుకున్నవాణ్ణి కదా, పెద్ద అక్షరాలే చదివాను. ఆ జత వెనక్కి పంపి చిన్న అక్షరాల ప్రకారం ఇంకో జత తెప్పించాను. ఈ టైర్లు చేతిరుమాలులా మడతపెట్టి చిన్న డబ్బాలో వచ్చాయి. అంత తేలిక. ఎంత తేలికో తెలుసుకోకపోతే ఎలా? మర్నాడు వాటిని, పాత టైర్లను సంచిలో వేసుకుని ఫ్యాక్టరీకి పట్టుకెళ్ళి, ఎవరూ లేనప్పుడు పెద్ద త్రాసు మీద పెట్టాను. పాతది ఒక్కోటి ఏడు వందల గ్రాముల పైన. కొత్తది రెండు వందల నలభై. ఆ అంకె చూస్తూ మైమరచి ఉండగా వెనక మా ల్యాబు పెద్దాయన గొంతు వినిపించింది.

"బ్యాచ్ నంబర్ ఎంత?"

ఆయన నవ్వలేదు. నేను టైర్లను కోటు కింద దాచుకుని బయటికి నడిచాను. రెండు కొత్తవి దాగాయి, రెండు పాతవి దాగలేదు.

జహంగీర్ భాయ్ కొత్త టైర్లు బిగించాడు. వాటికి తగ్గ సన్నటి ట్యూబులు కూడా వేశాడు. గాలి కొట్టాక టైరును వేలితో మీటి చూసి తల ఊపాడు. ఆ ఊపు మెచ్చుకోలు అనుకున్నాను.

"సార్, టైరు మస్తుంది. గని కాగితమోలె పల్చగుంది. గీ హైవే మీద ఓకే. మర్రిగూడ దిక్కు, నారాయణపూర్ దిక్కు తీస్కపోకు. గా బాటల తుమ్మముండ్లు ఉంటయి."

"చూసుకుని తొక్కుతాలే భాయ్."

"ఇంకో మాట. గీ ట్యూబుకు గాలి పోసే ముక్కు సన్నగుంటది. ఊర్లల్ల ఉండె పంపులు దీనికి పట్టవు. గిది ఉంచుకో." ఆయన నా అరచేతిలో ఒక చిన్న ఇత్తడి మూత పెట్టాడు. "గిది ముక్కు మీద తిప్పితె ఏ పంపైనా పడతది. పారేసుకోకు."

తలూపాను. ఇంటికి వచ్చి ఏం చేశానో మీరు ఊహించే ఉంటారు. మర్నాడు ల్యాబుకు తీసుకెళ్ళి చిన్న త్రాసు మీద తూచాను. మూడు గ్రాములు. నాలుగు జ్వరం బిళ్ళల బరువు. తెచ్చి కిటికీ మీద పెట్టాను. అవసరం లేని బరువు మోయడం నా సిద్ధాంతానికి విరుద్ధం.

ఇక అసలు సంగతి. మా అత్తగారి ఊరు మర్రిగూడ దగ్గర. ఆ మాఘమాసంలో ఆ ఊళ్ళో బొడ్రాయి పండుగ వచ్చింది. ఊరి నడుమ పాతిన ఆ రాయికి చాలా ఏళ్ళకొకసారి చేసే పండుగ అది. ఊరి ఆడబిడ్డలందరినీ అల్లుళ్ళతో సహా పిలిచి, జంటగా పీటల మీద కూర్చోబెట్టి, కొత్త బట్టలు పెట్టి, ఆడబిడ్డ ఒడిలో బియ్యం పోసి దీవిస్తారు; అదే ఒడిబియ్యం. ఆ రోజు పొద్దున ఒక వేళకు పొలిమేర కట్టేస్తారు. కట్టాక లోపలివాళ్ళు బయటికి పోకూడదు, బయటివాళ్ళు లోపలికి రాకూడదు. పసుపన్నం ఊరి చుట్టూ చల్లి వచ్చి సాయంత్రం కట్టు విప్పేదాకా అంతే. కలెక్టరు వచ్చినా పొలిమేర అవతల నిలబడవలసిందే.

స్వరూప ఒకరోజు ముందే బస్సులో బయలుదేరింది. నా బట్టలు కూడా ఆమె సంచిలోనే సర్దాను, బరువు తగ్గుతుందని. పాత టైర్లు రెండూ కూడా ఆమెకే అంటగట్టాను. మా మామ ఫోను చేసి అడిగాడు మరి. "అల్లుడా, కొట్టం మీది రేకులు గాలికి లేస్తున్నయి. బరువున్నయి ఏమన్న ఉంటె పంపు, మీద పెడత." బరువుగా ఉండడం కూడా ఒక గుణమేనని అప్పుడు నాకు తట్టలేదు.

బస్సు ఎక్కేముందు స్వరూప ఒకసారి అడిగింది.

"నాతోని రారాదుండ్రి. సైకిలు మళ్ళెప్పుడన్న తొక్కచ్చు."

"నలభై రెండు కిలోమీటర్లు. ఆరింటికి బయలుదేరితే తొమ్మిదికి ఉంటాను. పొలిమేర కట్టేది పదికి కదా."

"చూడుండ్రి, మా గల్లీలనే ఎనిమిది మంది ఆడబిడ్డలం ఒక్క వరుసల కూసుంటం. అందరి పక్కన వాళ్ళ వాళ్ళు ఉంటరు. నా పక్కన పీట ఖాళీగ ఉంటె నేను మొఖం ఎక్కడ పెట్టుకోవాలె? ఇది నా మొదటి ఒడిబియ్యం."

"తొమ్మిదికి నీ పక్కన ఉంటాను" అన్నాను. ఆ మాట అన్నప్పుడు నిజంగానే నమ్మాను. అది గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మర్నాడు తెల్లవారుజామున సైకిలును ఒలిచేశాను. గంట తీశాను, స్టాండు తీశాను, మడ్‌గార్డులు తీశాను, వెనక క్యారియరు తీశాను. పంపు తీసి మంచం కింద పెట్టాను. నీళ్ళ సీసా సగమే నింపాను. మిగిలిన సైకిలు మీద ఎక్కి ఊరు దాటాను.

ఒక్క మాట నిజాయితీగా చెప్పాలి. ఆ మొదటి గంటన్నర నా జీవితంలో మరిచిపోలేను. టైర్లు రోడ్డు మీద సన్నగా పాడాయి. కాలు వేస్తే చాలు, సైకిలు ముందుకు దూకింది. ఊరి చివర పాల ముసలాయన కనిపించాడు. "జర పక్కకు తాతా" అని దాటేశాను. వెనక్కి తిరిగి జాలిగా చూడడం కూడా మరిచిపోలేదు. నారాయణపూర్ దాటేసరికి నేను మనిషిని కాదు, గాలిని.

ఎనిమిదింటికి, అత్తగారి ఊరు ఇంకా ఏడెనిమిది కిలోమీటర్లు ఉందనగా, సగం రోడ్డు మీద కంది కట్టె పరిచి ఉంది. మా దిక్కు అది మామూలే. కోసిన కందిని తారు రోడ్డు మీద పరుస్తారు, లారీలూ ట్రాక్టర్లూ తొక్కుతూ పోతే కాయలు పగిలి గింజలు రాలతాయి. ఖర్చు లేని మిషను. పక్కన చీపురు పట్టుకుని ఒక అవ్వ కూర్చుని ఉంది. బండ్లవాళ్ళు పంట తప్పించి పక్కనుంచి పోతారని, ఖాళీగా ఉన్న సగం రోడ్డు మీద సర్కారు తుమ్మ కంప అడ్డం పెట్టింది.

"మీదికెల్లి పో బిడ్డా, మీదికెల్లి" అంది అవ్వ చీపురు ఊపుతూ.

నున్నటి టైరు, కాయల మీద జారుతుందని నాకు తెలుసు. చదివాను కదా. అందుకని తెలివిగా కంపకు, మట్టికి మధ్యనున్న జానెడు సందులోంచి తప్పించుకుని పోయాను. పది గజాలు పోయానో లేదో ముందు చక్రం బుస్సుమంది. ఏమైందని కిందికి చూసేలోగా వెనకది కూడా బుస్సుమంది. కంప నుంచి విరిగిన ముళ్ళన్నీ ఆ సందులోనే పడి ఉన్నాయి.

అవ్వ లేచి వచ్చి చూసింది. "మీదికెల్లి పొమ్మంటె పోకపోతివి. నాలుగు కాయలన్న పగులుతుండె."

"ఇది తేలిక బండి అవ్వా."

"తేలికైతె నాకేం లాభం?" అంది అవ్వ, మళ్ళీ పోయి కూర్చుంది.

ఆ పక్క ఊళ్ళో పంక్చరు దుకాణం ఉంది. దుకాణం ఆయన రెండు టైర్లలోంచి పదకొండు ముళ్ళు పీకి వరుసగా బల్ల మీద పెట్టాడు. ట్యూబులకు అతుకులు వేశాడు. అప్పటికి తొమ్మిదికి పది నిమిషాలు. ఇంకా గంటకు పైన ఉంది, పరవాలేదు అనుకుంటుండగా ఆయన పంపు తెచ్చి గాలి పోసే ముక్కుకు పెట్టి కొట్టాడు. గాలంతా ఆయన ముఖానికే కొట్టింది. గుడ్డ చుట్టి కొట్టాడు. వేళ్ళతో గట్టిగా పట్టుకుని కొట్టాడు. నేను నోటితో ఊదాను. ట్యూబు కదల్లేదు, నా చెవులు మాత్రం మూసుకుపోయాయి.

"దీనికి ఇత్తడి మూత ఒకటి ఉంటది గద" అన్నాడు ఆయన.

"ఉంది. ఇంటి దగ్గర."

"ఎందుకు తేలే?"

"బరువని."

ఆయన నా పొట్ట వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. ఏమీ అనలేదు, ఆ మర్యాదకు నేను ఆయనకు జీవితాంతం రుణపడి ఉంటాను.

అప్పుడే స్వరూప ఫోను. "ఎక్కడిదాక వచ్చిండ్రు? పీటలు ఏస్తున్నరు."

చెప్పాను. చిన్నగా చెప్పాను.

"ఇత్తడిదా? కిటికీ మీదుండె, గదేనా?"

"అదే."

"అది నా పర్సుల ఉంది. జహంగీర్ భాయ్ పారేసుకోకుమన్నడని మీరే చెప్పిండ్రు గదా. మరిచిపోతరని తెచ్చిన."

ఏడు కిలోమీటర్ల దూరంలో, నేను చేరవలసిన ఇంట్లోనే, అది భద్రంగా ఉంది.

"ఎవరితోనన్నా పంపు స్వరూపా."

"పొలిమేర కట్టకముందే, పొద్దటిసంది ఎవ్వరిని బయటికి పోనిస్తలేరు, వచ్చెటోళ్ళనే రానిస్తున్నరు. బండో, ఆటోనో పట్టుకుని రాండ్రి. సైకిలు అక్కడనే పెట్టుండ్రి."

దేవుడు నాకు దారి చూపలేదని అనడానికి లేదు. ఫోను పెట్టేశానో లేదో, మా మామకు వరుసకు తమ్ముడయ్యే ఎల్లయ్య మామ మోటారు సైకిలు మీద వచ్చి ఆగాడు. పండుగకే పోతున్నాడు.

"అల్లుడా, ఎక్కు. పది నిమిషాలల్ల ఊర్ల ఉంటం. సైకిలు ఈడ పెట్టు."

సైకిలు చూశాను. టైర్లు చూశాను. చౌటుప్పల్లో ఎవరి దగ్గరా లేని టైర్లు. వాటిని ముక్కూమొహం తెలియని దుకాణంలో వదిలేసి పోవాలా? ఎండలో రబ్బరు పాడైపోదూ? పైగా, సైకిలు మీద వస్తానని ఊరంతటికీ చెప్పి ఇంకొకరి బండి వెనక కూర్చుని దిగితే మరదలు లావణ్య బతకనిస్తుందా?

"మీరు నడవండి మామా. గాలి లేకుండా దొర్లిస్తే టైర్లు చిరుగుతాయి. ఇది పదకొండు కిలోలే. భుజాన వేసుకుని వచ్చేస్తాను."

ఎల్లయ్య మామ నన్ను ఎగాదిగా చూసి, "నీ ఇష్టం బిడ్డా" అని వెళ్ళిపోయాడు. పాఠకులారా, ఇక్కడ మీరు నన్ను ఏమన్నా పడతాను.

పదకొండు కిలోలు త్రాసు మీద తేలిక. మాఘమాసపు ఎండలో భుజం మీద, మూడో కిలోమీటరు నుంచి, అది ఇంకో రకం పదకొండు. ఈ భుజం మీద కాసేపు, ఆ భుజం మీద కాసేపు, నెత్తి మీద కాసేపు. పెడలు వచ్చి చెవి మీద కొడుతుంటే నీళ్ళ సీసా వైపు చూశాను. సగమే నింపుకున్నాను కదా, అది ఎప్పుడో అయిపోయింది. ఎవరైనా బండి ఆపుతారేమో అని చూశాను. రోడ్డు ఖాళీ. ఊరికి పోవలసినవాళ్ళంతా ఊళ్ళోనే ఉన్నారు. దూరం నుంచి డప్పులు వినిపించాయి. నడక పరుగైంది.

పొలిమేర చేరేసరికి పది దాటి పన్నెండు నిమిషాలు. రోడ్డుకు అడ్డంగా వేపమండలు కట్టిన తాడు. తాడు అవతల పసుపు చల్లిన గీత. గీత అవతల మా మామ.

"మామా, ఒక్క అడుగే కదా" అన్నాను సైకిలు దించకుండానే.

"అల్లుడా, ఇప్పుడే కట్టిండ్రు. నీ కోసం పావు గంట ఆపమన్న. ఊరు నీ సైకిలు కోసం ఆగుతదా?" ఆయన కోపంగా అనలేదు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అదే నాకు గట్టిగా తగిలింది. "నా బిడ్డ పీట మీద కూసున్నది. ఒక్కతే."

ఆయన వెళ్ళిపోయాడు. నేను తాడుకు ఇవతల, కాలువ గట్టు మీద కూలబడ్డాను. పక్కన సైకిలు, గాలి లేని టైర్లతో. లోపల డప్పులు మోగుతుంటే నా మీద నాకే అసహ్యం వేసింది. ఎంత తూచినా ఏది బరువో ఏది తేలికో నాకు తెలియలేదని మొదటిసారి అనిపించింది. అలా గంట గడిచింది.

అప్పుడు ఫోనుకు ఫొటో వచ్చింది. పంపింది మరదలు లావణ్య.

ఏడు జంటలు వరుసగా కూర్చున్నాయి. ఎనిమిదో జంట చోట ఒక పీట మీద స్వరూప, ఒడి నిండా బియ్యం, తల ఎత్తి నేరుగా చూస్తూ. ఆమె పక్క పీట మీద, నాకు పెట్టవలసిన కొత్త పంచె చుట్టుకుని, కండువా వేసుకుని, పసుపు కుంకుమ బొట్టు పెట్టించుకుని, నిటారుగా, నా పాత టైరు.

తరువాత తెలిసింది. పెద్దలు ఖాళీ పీట మంచిది కాదన్నారట. మా అత్త నా చొక్కా తెచ్చి పెట్టబోయిందట. స్వరూప వద్దందట.

"చొక్కా వద్దమ్మా. ఆయనకు నాకంటె టైర్లె ఎక్కువ. టైరే తీసుకరా, గదే కూసుంటది."

మా మామ కొట్టం ఎక్కి, "రేకు లేస్తది బిడ్డా" అని గొణుక్కుంటూ దించాడట.

సాయంత్రం కట్టు విప్పాక ఊళ్ళోకి నడిచాను. ప్రతి గడపలోంచీ ఎవరో ఒకరు తొంగి చూశారు. స్వరూప వాకిట్లోనే నిలబడి ఉంది. నేను నోరు తెరిచేలోగా పర్సులోంచి ఇత్తడి మూత తీసి నా చేతిలో పెట్టింది.

"తప్పైంది" అన్నాను.

"కొత్త బట్టలు కట్టుకోండ్రి" అంది. "జర నల్లగైనయి. ఆయన కట్టుకున్నడు గదా."

నవ్వింది. ఆ నవ్వు కోసం ఏడు కిలోమీటర్లు కాదు, డెబ్భై కిలోమీటర్లైనా మోసేవాణ్ణి. సైకిలు కాకుండా ఇంకేదైనా.

కనుక ఆ ఊరి బొడ్రాయి సాక్షిగా, జహంగీర్ భాయ్ పంపు సాక్షిగా నేను చేసిన ప్రమాణం ఇది. ఇకమీదట ముల్లు దిగని లావు టైర్లే వేస్తాను. పంపు మోస్తాను, అతుకులు మోస్తాను, నీళ్ళు నిండా మోస్తాను, ఇత్తడి మూత మొలతాడుకు కట్టుకుంటాను. ఎవరైనా బండి ఆపి ఎక్కమంటే సైకిలును అక్కడే పారేసి ఎక్కుతాను. ముఖ్యంగా, అత్తగారి ఊరికి బస్సులోనే పోతాను, అదీ ఒకరోజు ముందే. ఈ ప్రమాణం తప్పే ధైర్యం నాకు లేదు. ఎందుకంటే బొట్టు పెట్టిన దాన్ని మళ్ళీ కొట్టం మీద వేయకూడదని మా అత్త ఆ టైరును ఫొటో పక్కనే మేకుకు తగిలించింది, నేను పది నిమిషాలు ఆలస్యమైతే చాలు, ఒకసారి దాని వైపు చూసి పీట వేయమంటుంది.